సభ్యుల వెబ్‌సైటు: పేరు ఎవ్వరి చేతిలో నుండవలెను?

పలాస జీడిపప్పు కావలెనని దూరదేశమున నున్నవాడు తలచినచో నేడు ముందుగా సెల్లు తీసి వెదకును. అందు వానికి తరచుగా కనబడువాడు తోట పెంచినవాడు కాడు, పిక్కలు పగులగొట్టి పప్పు తీసినవాడును కాడు. ఎక్కడనో నగరమున గూర్చుండి సంచిపై తన ముద్ర వేసికొన్న వర్తకుడు. ఉద్దానపు రైతు 80 కిలోల బస్తా లెక్కన పిక్కలమ్మి యింటికి బోవును. పొందూరు ఖద్దరు, బుడితి కంచు పని, బొబ్బిలి వీణ వీని గతియు నించుమించు నిట్టిదే. వాలుగ చేప దవడ యెముకతో పత్తిని దువ్వి పొందూరున సన్ననూలు తీయుదురని తెలిసినచో కొనువాని బేరము తీరే మాఱును. ఆ సంగతి చెప్పుకొనుటకు పనివానికి తావు లేదు.

ఆ తావును కల్పించు సాధనము లిప్పుడు గలవు. కోడింగు ఒక యక్షరమైనను రానివాడు తన వెబ్‌సైటును తానే కట్టుకొనవచ్చును. అచ్చులు సిద్ధముగా నుండును. ఫోటో పెట్టి, పేరు, ధర, ఫోను నెంబరు వ్రాసి మీట నొక్కినచో పుట లోకమునకు కనబడును. ఇది తెలుగునాట క్రొత్త సంగతియు గాదు. 2012లో హైదరాబాదున వెలసిన నౌఫ్లోట్స్ అను సంస్థ, చిల్లర వర్తకుడు కొట్టు కదలకుండ ఎస్సెమ్మెస్సు పంపినంతనే ఆతని పుటలో వార్త చేరునట్లు చేసెను. కంప్యూటరు కొనుమని చెప్పక, చేతనున్న పనిముట్టుతోనే పని జరిపిన యీ యూహ మాకు మిక్కిలి నచ్చినది. 2019 డిసెంబరులో రిలయన్సు వర్గపు కంపెనీ యొకటి 141 కోట్ల 63 లక్షల రూపాయలిచ్చి అందు 85 శాతము వాటాను గొనెను. చిన్న కొట్ల పుటల విలువ పెద్ద వర్తకుల కెంత బాగుగా తెలియునో దీనినిబట్టి యూహింపవచ్చును.

అయినను సులువును జూచి మురిసి తొందరపడరాదు. గూగులు కంపెనీ 2017లో చిన్న వ్యాపారుల కుచితముగా వెబ్‌సైటు కట్టుకొను వీలు కల్పించెను. ఆ చిరునామాల చివర 'బిజినెస్.సైట్' అని యుండెడిది. పలువురు దానిని చీటీలపై అచ్చు వేయించుకొనిరి, బోర్డులపై వ్రాయించుకొనిరి. 2024 మార్చిలో కంపెనీ వానిని మూసివేసెను. పాత చిరునామాకు వచ్చినవారిని ఆ యేటి జూన్ 10 వరకు వేఱొక పుటకు మళ్లించి, అటుపిమ్మట అదియు మానెను. కంపెనీ చేసినది అన్యాయమని మే మనము, పొలము దానిది. కౌలుభూమిలో వరి వేయవచ్చును. ఎవ్వడైనను జీడిమొక్క నాటునా? ఫలము చేతికి వచ్చు వేళకు భూమి యెవ్వరిదో యెవ్వ రెఱుగుదురు? వెబ్‌సైటు జీడితోట వంటిది. జనులు చిరునామాను గుర్తెఱిగి మరల మరల వచ్చుటకు ఏండ్లు పట్టును.

కావున అచ్చు ఎవ్వరిదైనను గానిండు, పేరు మాత్రము మనది కావలెను. పేరు మనదైనచో ఒక కంపెనీ మూతపడిన నాడు ఆ పేరునే వేఱొక చోటికి మార్చుకొనవచ్చును. సహకార సంఘములకే ప్రత్యేకింపబడిన '.కోఆప్' అను చివరిపేరు 2000 సంవత్సరముననే ఆమోదము పొందినది. తెలుగు లిపిలోనే '.భారత్' అని వ్రాసికొను వీలును గలదు. ఏటేట రుసుము కట్టవలెను. గడువు తప్పి పేరు జాఱిపోయినచో మఱియొకడు దానిని గొనవచ్చును.

ఎవరి పుట వారు పెట్టుకొన్న చాలదా యని కొందఱందురు. మే మొప్పుకొనము. ఒంటరివాని పుటలో దీపావళి నాటి ధర సంక్రాంతికిని వ్రేలాడుచుండును, ఫోను చేసినచో తీయువాడుండడు. వాట్సాపు చాలునన్నవారికి ఒకటే మనవి: అది యెఱిగినవారితో మాటాడుటకు మంచిది, ఎఱుగనివాడు మనల నందు వెదకి పట్టుకొనలేడు. సంఘము పేర ఒకే వెబ్‌సైటుండి, అందు సభ్యున కొక పుట చొప్పున నున్నచో రుసుము పంచుకొనబడును, ధరలు దిద్దుట యొక్కని పనిగా నుండును. ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘములకు కంప్యూటరు లమర్చుటకై కేంద్ర ప్రభుత్వము 2022 జూన్‌లో 2,516 కోట్ల పథకము నామోదించినది. అట్లు వచ్చిన యంత్రము అప్పుల పద్దులకే పరిమితము కానక్కఱలేదు.

సాధనము నెన్నుకొనునపుడు కార్యదర్శులు ముందే యడుగవలసిన దేమనగా, మనము పెట్టిన ఫోటోలు, వ్రాతలు, కొనుగోలుదారుల పట్టిక మరల బయటికి తీసికొనవచ్చునా? 'కాదు' అని బదులు వచ్చినచో ఉచితమైనను వలదు. తెలుగు అక్షరములు విఱుగక కనబడుచున్నవో లేదో సెల్లులోనే చూచుకొనవలెను. సరకు గూర్చి వ్రాయునది నిక్కముగా నుండవలెను. జీడిపప్పులో 240 గ్రేడనగా పౌనుకు 220 మొదలు 240 వఱకు గుండ్లు తూగవలెను. 320 గ్రేడును ఆ పేర పంపినచో ఒక్కని తప్పునకు సంఘమంతయు మాట పడును.

పేరు సంఘము పేరనే రిజిస్టరు చేయింపవలెను గాని, కట్టిపెట్టిన కుఱ్ఱవాని పేరను గాదు. తాళపుమాట అధ్యక్షునకును కార్యదర్శికిని ఇరువురకును తెలిసియుండవలెను. పుటల నకలు నెలకొకసారి సంఘపు కంప్యూటరులో దాచవలెను. ఉద్దానమున పిక్కలు రాలుటకు ముందే, మాఘమాసములోపల, సర్వసభ్య సమావేశము జరిపి యీ తీర్మానము చేసినచో రాబోవు పంటకే పుట సిద్ధమగును.