రంగొక్కటే అడిగితే ఎలా?

కారు కొనేటప్పుడు ఇంట్లో ఆడవాళ్ళని అడిగే ప్రశ్న ఒక్కటే: "ఏ రంగు తీసుకుందాం?" ఇంజనేది, వేరియంటేది, లోనెంత... ఇవన్నీ మగవాళ్ళూ, వాళ్ళ ఆఫీసు స్నేహితులూ, యూట్యూబులో అరిచే కుర్రాళ్ళూ కలిసి తేల్చేసుకుంటారు. రంగు దగ్గరికొచ్చేసరికి మాత్రం మనకి ఎక్కడలేని గౌరవం. అదీ, తెలుపైతే మళ్ళీ అమ్మేటప్పుడు మంచి రేటొస్తుందని చివరికి తెల్లదే తెస్తారనుకోండి.

నాకిది బొత్తిగా నచ్చదు. స్టీరింగ్ పట్టుకునేది ఒక్కరు. వెనకాల కూర్చునే పెద్దవాళ్ళనీ పిల్లల్నీ, వాంతుల కవర్లనీ, మంచినీళ్ళ సీసాల్నీ చూసుకునేది మనం. సర్వీసింగుకి ఫోన్లు చేసేది కూడా చాలా ఇళ్ళల్లో మనమే.

మేము ఏడు సీట్ల ఎస్‌యూవీ కొనాలనుకున్నప్పుడు అత్తయ్యగారిని కూడా షోరూముకి తీసుకెళ్ళాను. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. సేల్స్ అబ్బాయి బానెట్ ఎత్తి మా ఆయనకి టార్కు గురించి చెబుతుంటే, నేను ఆవిడని వెనక తలుపు దగ్గర నిలబెట్టి "ఎక్కండి అత్తయ్యా" అన్నాను. మొదటి బండికి రెండుసార్లు ప్రయత్నించినా కాలు అందలేదు. రెండోదానికి పక్కన పట్టుకోడానికి పిడి ఉంది, అడుగు కూడా కాస్త కిందకుంది. చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో పట్టుకుని చక్కగా ఎక్కి కూర్చున్నారు. మా ఎంపిక సగం అక్కడే అయిపోయింది. బండి నేలకి ఎంత ఎత్తుంటే అంత గొప్పంటారు గానీ, ఆ ఎత్తు ఎక్కాల్సింది డెబ్భై ఏళ్ళ మనిషని ఎవరూ గుర్తుచెయ్యరు.

మూడో వరసలో పన్నెండేళ్ళ మా అమ్మాయిని పది నిమిషాలు కూర్చోబెట్టాను. ఆ వరస లేపి ఉంచి, డిక్కీలో ఎంత చోటు మిగిలిందో కూడా చూశాను. సంక్రాంతికి గుడివాడ వెళ్ళి తిరిగొచ్చేటప్పుడు మాతో బియ్యం మూట, కొబ్బరికాయలు, అరిసెల డబ్బాలు వస్తాయి. ఏడుగురూ ఎక్కితే ఒక్క సూట్‌కేసుకి కూడా చోటు లేని ఏడు సీట్ల బండి ఎవరికండీ? నాలుగు మీటర్ల లోపు పొడవుండి ఇంజను చిన్నదైతే 18 శాతం జీఎస్టీ, పెద్దవాటికి 40 శాతం. 2025 సెప్టెంబరు 22 నుంచి ఇదీ లెక్క. అందుకే చాలా బళ్ళని ఆ కొలతలో ఇరికిస్తారు. పన్ను మిగిలిన మాట నిజమే, కానీ అక్కడ ముందు నలిగేది డిక్కీయే.

ఇక సన్‌రూఫ్. పిల్లలు దీనికోసం ఏడుస్తారు, పెద్దవాళ్ళు పిల్లల పేరు చెప్పి ఏడుస్తారు. మే నెలలో పంతంగి టోల్‌గేటు దగ్గర అరగంట ఆగిపోతే, నెత్తిమీద అద్దం ఉండటం ఎంత సుఖమో తెలుస్తుంది. పిల్లల్ని అందులోంచి నిలబెట్టి ఊరేగించేవాళ్ళని చూస్తే నాకు గుండె ఆగినంత పనవుతుంది. ఆ డబ్బుకి ఆరు ఎయిర్‌బ్యాగులు, వెనక వరసలకి విడిగా ఏసీ, అన్ని సీట్లకీ సరైన బెల్టులు వస్తాయేమో అడగండి. 2023 అక్టోబరు నుంచి మన దేశంలోనే భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలు చేసి నక్షత్రాలిస్తున్నారు. పెద్దవాళ్ళ భద్రతకి వేరే, పిల్లల భద్రతకి వేరే. షోరూములో మొదటిది గట్టిగా చెబుతారు, రెండోది మనమే అడగాలి. బెల్టు వెనక కూర్చున్నవాళ్ళకీ తప్పనిసరే. 2022లో సైరస్ మిస్త్రీ చనిపోయిన ప్రమాదంలో ఆయన వెనక సీట్లో బెల్టు లేకుండానే ఉన్నారు. చీర నలుగుతుందని మానేసే అక్కయ్యలు కాస్త వినండి.

అసలు కథ కొన్నాక మొదలవుతుంది. మూడో వేసవిలో, వారంటీ ఇంకో నెలలో అయిపోతుందనగా, వెనక ఏసీ చల్లగా రావడం మానేసింది. సర్వీస్ సెంటర్లో మొదటిసారి గ్యాస్ నింపి పంపారు. రెండోసారి "ఎండాకాలం అంతే మేడమ్" అన్నారు. మూడోసారి "సార్‌ని పంపండి, ఆయనకైతే వివరంగా చెబుతాం" అన్నారు! చల్లగా రావడంలేదని అర్థం కావడానికి సార్ ఎందుకండీ?

నేను కుర్చీలోంచి లేవలేదు. ముందు గాలి, వెనక గాలి థర్మామీటరు పెట్టి కొలవమన్నాను. ముందు 9 డిగ్రీలు, వెనక 21. ఆ రెండంకెలూ, నేను చెప్పిన ఫిర్యాదు నా మాటల్లోనే, జాబ్ కార్డులో రాయించి, తేదీ వేయించి, కాపీ తీసుకున్నాను. విడిభాగం వచ్చేసరికి వారంటీ దాటి పన్నెండు రోజులైంది. డబ్బు కట్టమన్నారు. కార్డు మీద తేదీ చూపించాను. మేనేజరు లోపలికెళ్ళి ఎవరితోనో మాట్లాడి వచ్చి, ఎక్స్‌పాన్షన్ వాల్వు ఉచితంగా మార్పించాడు. నోటితో చెప్పి ఊరుకునుంటే ఆ ఖర్చు మాదే.

వారంటీ కాగితం చదవడం బోరే, కానీ చీర కొనేటప్పుడు అంచు మడత విప్పి చూస్తాం కదా, అలా చూడండి. క్లచ్ ప్లేటు, బ్రేకు ప్యాడ్లు, వైపర్లలాంటి అరిగేవి మామూలుగా అందులో రావు. టైర్లకీ బ్యాటరీకీ వాటి కంపెనీల వారంటీ వేరే. ఎలుక వైర్లు కొరికితే అదీ రాదు, ఇన్సూరెన్స్ వాళ్ళని అడగాల్సిందే. బయట షాపులో లైట్ల కోసం వైర్లు కోయిస్తే, రేపు కరెంటు లోపమేది వచ్చినా ఆ వంక చూపిస్తారు. అదనపు వారంటీ కావాలంటే అసలుది ఉండగానే కొనుక్కోవాలి.

అయినా వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చెయ్యొచ్చు. మనం చెల్లించిన ధర 50 లక్షల లోపైతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్ళొచ్చు, అదీ మనముండే జిల్లాలోనే. లాయరు తప్పనిసరి కాదు. నాకంత దూరం వెళ్ళే అవసరం రాలేదు గానీ, నంబరు మాత్రం ఫ్రిజ్ మీద అంటించి ఉంది.

దసరాకి మా మరిది వాళ్ళు కారు కొంటారట. నిన్న తోటికోడలు ఫోన్ చేసి, "అక్కా, నీలం బావుంటుందా, ఎరుపా?" అంది. ముందు మీ అమ్మగారిని వెనక సీటు ఎక్కించి చూడమన్నాను.