కల్లులో రాయి
మాది పలమనేరు వైపు. సరిహద్దు దాటి ములబాగిలు సంతకెళితే కన్నడంలో ‘కల్లు’ అంటే రాయి. తాగేది వాళ్లకు ‘కళ్ళు’. మనకేమో కళ్ళంటే నేత్రాలాయె! తమిళంలోనూ కల్ రాయి, కళ్ తాగేది. తెలుగువాళ్లం మాత్రం రెంటినీ ఒకే ముంతలో పోశాం. రాయి అర్థం పూర్తిగా పోలేదు లెండి. మా అమ్మ ఊరగాయలో వేసేది కల్లుప్పే, నూరేది సన్నెకల్లు మీదే. ఓరుగల్లులో ఉన్నదీ ఆ రాయే.

బళ్లో తత్సమాలు బట్టీ పట్టిస్తారు గానీ ఈ చుట్టరికం ఊసెత్తరు. సరిహద్దు జిల్లాల్లోనైనా పక్క భాషల మాటలతో పోల్చి చూపిస్తూ తెలుగు చెప్పాలంటాను. కల్లు పేరెత్తితే పిల్లలు చెడిపోతారని భయమా? ఉప్పుతో మొదలెట్టండి.