గురిపలకకు స్వదేశపు కాళ్ళు

ద్రోణాచార్యుడు శిష్యుల గురిని పరీక్షింపదలచి శిల్పులచే ఒక కృత్రిమ పక్షిని చేయించి చెట్టుకొమ్మపై నిలిపించెనని భారతకథ. ఆ పక్షి కన్ను తప్ప వేరేమియు కానరాదన్న అర్జునుని పేరు మన పల్లెలలోని పసిబాలురకును తెలియును. పక్షిని చేసిన శిల్పి పేరు వ్యాసులవారికిని తెలియదు కాబోలు! ద్రుపదుని కొలువున మత్స్యయంత్రమును నిలిపిన పనివాని గతియు నింతియే. గురి కొట్టినవానికి కీర్తి, గురిని నిలిపినవానికి మరపు. ఈ వారము మేము ఆ రెండవవాని పక్షమున, అనగా గురిపలకను నిలువబెట్టు కాళ్ళను గూర్చి, నాలుగు మాటలు వ్రాయదలచితిమి. విషయము అల్పమని పాఠకమహాశయులు తలపవచ్చును. దారము అల్పమని తలచిననాడు మనకు బట్ట సీమనుండి వచ్చుచుండెడిది.

తుపాకి గురి క్రీడలో మన హైదరాబాదు గడించిన ప్రతిష్ఠ సామాన్యమైనది కాదు. 2012 లో లండను ఒలింపిక్కులయందు గగన్ నారంగ్ 10 మీటర్ల ఎయిర్ రైఫిలులో కంచు పతకము గెలిచెను. 2022 లో బ్రెజిలు దేశమున జరిగిన బధిరుల ఒలింపిక్కులలో ధనుష్ శ్రీకాంత్ స్వర్ణము తెచ్చెను. 2023 లో చీనాలోని హాంగ్‌చౌ నగరమున జరిగిన ఆసియా క్రీడలలో ఈషా సింగ్ అను బాలిక ఒక స్వర్ణమును, మూడు రజతములను చేజిక్కించుకొనెను. 2024 పారిస్ ఒలింపిక్కులలో భారతదేశమునకు దక్కిన ఆరు పతకములలో మూడు తుపాకి గురివలననే దక్కినవి. ఇవి యన్నియు మనము గర్వింపదగినవే. కాని హైదరాబాదు విశ్వవిద్యాలయ ఆవరణములోని రేంజికి పటాన్‌చెరువు ఎంత దూరము? బస్సెక్కిన గంట ప్రయాణము. ఆ రేంజికిని, పటాన్‌చెరువులో లేతుయంత్రము త్రిప్పు కార్మికుని కుమార్తెకును నడుమనున్న దూరము బస్సు టిక్కెట్టుతో తీరునది కాదు. రైఫిలు ఖరీదైనది, గుండ్లు ఖరీదైనవి, గురి సైతము ఖరీదైనది. స్విట్జర్లాండు, జర్మనీ దేశములనుండి వచ్చు ఎలక్ట్రానిక్ గురియంత్రములను పెద్ద రేంజిలు కొనగలవు. జిల్లాలోని ఒక ఉన్నత పాఠశాల కొనజాలదు.

కాగితపు గురి చౌకయే. కొలత తీసి మార్కులు వేయుటకు దానిని మించినది లేదనుట మేమును ఒప్పుకొందుము. పదిమీటర్ల రైఫిలు గురిలో నడిమి చుక్క అరమిల్లీమీటరు మాత్రమే. అట్టి సూక్ష్మమును ఇనుము చెప్పజాలదు. అయినను తొలుత తుపాకి పట్టిన బాలునికి కాగితము మూగది. అతడు కాల్చినది ఎచట తగిలెనో తెలియవలెనన్న కాల్పు నిలిపి, తుపాకులన్నియు ఖాళీచేసి, నడచిపోయి చూడవలెను. ఉక్కు పలకయో, తగిలిన తక్షణమే గంటవలె మ్రోగును. తప్పినచో మౌనము. ఇంతకన్న నిష్పక్షపాతియగు ఉపాధ్యాయుడు దొరకునా? పైగా ఒకసారి కొన్న పలకకు సంవత్సరముల పర్యంతము రంగు పూసికొనుటయే ఖర్చు.

ఇది మేము కల్పించిన వింతయు కాదు. మెక్సికో దేశమున కోడి, అడవిపంది, టర్కీకోడి, పొట్టేలు ఆకారములుగా కత్తిరించిన ఇనుప బొమ్మలను నిలిపి పడగొట్టు క్రీడ పుట్టి ప్రపంచమున వ్యాపించినది. శీతకాలపు ఒలింపిక్కులలో మంచుపై జారుచు వచ్చి కాల్చు బయాథ్లాన్ పందెమున 50 మీటర్ల దూరమున నుండునవి లోహపు పలకలే. పరుండి కాల్చునపుడు 45 మిల్లీమీటర్లు, నిలుచుండి కాల్చునపుడు 115 మిల్లీమీటర్లు వాని వ్యాసము. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున 1981 నుండి కేవలము ఉక్కు పలకలపైననే పోటీలు నడచుచున్నవి.

ఇక అసలు విషయము. ఉక్కు గురి రెండు భాగములు: పలక, కాళ్ళు. ఈ రెంటి ధర్మములును వేరు. మన దేశమున పొదుపనగా అన్నిటను సమముగా కోత వేయుటయని యొక భ్రమ గలదు. ఇచ్చట అట్లు చేసిన కన్ను పోవును. పలకపై పొదుపు పాపము. కాళ్ళపై పొదుపు ధర్మము.

పలక సంగతి మొదట వినవలెను. సీసపు గుండు గట్టి నునుపైన ఉక్కుకు తగిలినప్పుడు నుగ్గై పలక అంచులవైపునకు చిమ్ముకొని పోవును. అదే మెత్తని ఇనుమైనచో గుండు గుంటచేయును. గుంటలో పడిన తరువాతి గుండు తునకలు ఎటు తిరుగునో బ్రహ్మకును తెలియదు, కాల్చినవాని ముఖమునకే మరలి రావచ్చును. అందువలననే మందుగుండు తుపాకులకు బ్రినెల్ కాఠిన్యము 500 ప్రాంతమున నుండు ఉక్కును, వర్తకమున ఏఆర్ 500 అని పిలుచుదానిని, సుమారు 10 మిల్లీమీటర్ల మందమున వాడుదురు. అట్టి పలకతోనైనను పిస్తోలుకు కనీసము 10 మీటర్లు, పెద్ద రైఫిలుకు 100 మీటర్లు ఎడముండవలెను. ఆ పలకను గ్యాసుమంటతో కోసినను, దానికి కొక్కెము వెల్డింగు చేసినను, వేడి తగిలిన మేర ఉక్కు మెత్తబడును. మన షెడ్డులలోని నేర్పరులు, ఏదైనను అతికించి చూపుదుమను ఉత్సాహముగలవారు, ఇచ్చట చేతిని అదుపులో నుంచుకొనవలెను. ప్లాస్మా, లేజరు లేక నీటిధారతో కోయించి, రంధ్రము చేయించి, గుండ్రని తలగల బోల్టుతో బిగించుటయే సరియైన పద్ధతి. పలక పైఅంచు కాల్చువానివైపు కొంత వాలియుండవలెను, ఇరువది డిగ్రీలని వాడుక. అప్పుడు తునకలు నేలకు దిగును. గొలుసుతో వ్రేలాడదీసిన పలక దెబ్బకు వెనుకకు ఊగి ఆ శక్తిని కొంత తానే మ్రింగును.

ఎయిర్‌గన్నుల విషయము ఇంత కఠినము కాదు. వాని మెత్తని సీసపు గుండ్లకు మూడు నాలుగు మిల్లీమీటర్ల మామూలు ఇనుపరేకు చాలును; షెడ్డుమూల పడియున్న తుక్కులోనే అది దొరకును. ఉక్కు గోలీలు మాత్రము ఎన్నడును వాడరాదు, అవి బంతివలె ఎగిరి వెనుకకు వచ్చును. కంటిఅద్దములు లేనివానిని గీత దాటనీయరాదు.

ఇప్పుడు కాళ్ళ మాట. పలకను మోయు చట్రము ఉక్కుతో దిట్టముగా నుండవలెనని మొదట ఎవరికైనను తోచును. అది పొరబాటు. గురి నేర్చుకొనువాడు పలకను తప్పి కాలును కొట్టుట ఖాయము. కాలు ఇనుమైనచో ఆ గుండు తునకలై ఎటో పోవును, కాలు వంగును, మరల వెల్డరుకు పని. కాలు కట్టెయైనచో గుండును తనలో దాచుకొనును. పది దినములకు విరిగినచో వేరొక కట్టె. కావున ఇనుము కావలసినది కీళ్ళకు మాత్రమే. పూరింటి కత్తెర వాసములవలె రెండు కట్టెలను తలకడ కలిపి పట్టుకొను ఒక ఇనుప గూడు ఈ ప్రక్క, మరియొకటి ఆ ప్రక్క. రెంటినడుమ అడ్డముగా ఒక రీపరు. దానినుండి గొలుసుపై పలక. స్టాండు అనగా ఇంతియే. గూళ్ళను కాల్చువాని కంటికి సూటిగా నిలువనీయక, ముందు ఒక అడ్డపు చెక్క బిగించినచో అవియు రక్షింపబడును.

లెక్క చూడుడు. 40 మిల్లీమీటర్ల వెడల్పు, 3 మిల్లీమీటర్ల మందముగల యాంగిలు కమ్మీ మీటరుకు రెండు కిలోలకు లోపు తూగును. రెండు గూళ్ళకు రెండు మీటర్లు ఎక్కువయే. అడుగు వ్యాసముగల గట్టి పలక ఐదున్నర కిలోలు. అంతయు కలిపి గోనెసంచిలో వేసి సైకిలు వెనుక కట్టుకొని పోవచ్చును. కట్టెలను మోసికొని పోవలసిన పనియే లేదు. జామాయిలు వాసముగాని, సరుగుడు బాదుగాని, ఇల్లు కట్టినచోట మిగిలిన రీపరుగాని ఏ ఊరికి ఆ ఊరనే దొరకును. గుండ్రని బాదు గూటిలో వదులైనచో చెక్కముక్క దిగగొట్టిన చాలును. బరువులో సగము పల్లెయే ఇచ్చునట్టి యంత్రమును స్వదేశి యనక మరేమందుము?

దీనిని చేయుటకు పటాన్‌చెరువుకన్న తగిన తావు మాకు కనబడదు. ప్రక్కనే రామచంద్రాపురమున బి.హెచ్.ఇ.ఎల్. వారి మహాకర్మాగారము, ఎద్దుమైలారమున 1984 నుండి కవచవాహనములు చేయు ఆయుధకర్మాగారము, హైదరాబాదున 1973 లో స్థాపింపబడిన మిశ్రధాతు నిగమ్, అనగా కవచలోహములు పండించు సంస్థ. రహదారి కిరువైపుల లేతులు, రేకు కోతయంత్రములు, వెల్డింగు షెడ్లు. సైన్యపు శకటములకు కవచము తొడుగు సీమలో బడిపిల్లల గురికి కాళ్ళు చేయుట అసాధ్యమా? పెద్ద కర్మాగారములలో కోతలయందు మిగులు గట్టి ఉక్కు ముక్కలను పరీక్షించి, కాఠిన్యము ముద్రవేసి, చిన్న షెడ్డులకు అమ్ము ఏర్పాటు చేసినచో పలక ధరయు దిగివచ్చును. ముద్రలేని పలక రేంజిలోనికి రారాదు. ఈ మాటను మేము పట్టుదలతో చెప్పుటకు కారణము గలదు. 2025 జూన్ 30 వ తేదీన పాశమైలారమున జరిగిన ప్రేలుడులో నలువదిమందికి పైగా కార్మికులు మడిసిరి. భద్రత తరువాత చూచుకొందమను మాటకు ఈ ప్రాంతమున ఇకమీద తావు ఉండరాదు.

బడిపిల్లల చేతికి తుపాకి యేల యని కొందరు పెద్దలు చింతింతురు. చింత న్యాయమైనదే. తెలంగాణమున సామాన్యునికి తుపాకితో పరిచయము దాని ఎదుట నిలుచుటవలన కలిగినదే కాని వెనుక నిలుచుటవలన కాదు. 1948 నాటి రజాకారుల దినములను చూచిన ముసలివారి మాట విన్నవారికి ఇది చెప్పనక్కరలేదు. బ్రిటిషు ఇండియాలో లిట్టను ప్రభువు 1878 లో రెండు చట్టములు తెచ్చెను: ఒకటి దేశభాషా పత్రికల నోరు కట్టునది, రెండవది దేశీయుల చేతులు కట్టునది. మొదటిది రిప్పను కాలముననే రద్దయినది. రెండవది, తెల్లవారిని మినహాయించి మనవారికి మాత్రము లైసెన్సు విధించిన ఆ ఆయుధచట్టము, స్వరాజ్యము వచ్చిన పిదపను 1959 లో క్రొత్త చట్టము చేయువరకు గ్రంథమున నిలిచియే యుండెను. 1931 కరాచీ కాంగ్రెసు తీర్మానించిన పౌరహక్కులలో, నియమములకు లోబడి ఆయుధము ధరించు హక్కును చేర్చిరి. మేము నేడు ఆ హక్కును కోరుటలేదు. ఇంటింట తుపాకి యుండవలెనను మాట మాది కాదు. పెండ్లిపందిరిలో గాలిలోనికి కాల్చి వీరులమనుకొనువారియెడ మాకు జాలియు లేదు. మేము కోరునది రేంజి నాలుగుగోడల లోపల, తాళముపెట్టిన పెట్టెనుండి తీసి మరల తాళమువేయు తుపాకితో నేర్పు శ్రద్ధను. ఊపిరి బిగబట్టి, వ్రేలిని అదుపుచేసి, ఆజ్ఞకు లోబడి నిలుచుట తెలిసిన బాలుడు అల్లరిమూకలో చేరుట అరుదు. 1948 లో ఏర్పడిన నేషనల్ క్యాడెట్ కోరు నేటికిని బాలబాలికలకు పాయింటు ఇరువదిరెండు రైఫిలు నేర్పుచునే యున్నది కదా.

2016 నాటి నియమముల ప్రకారము శక్తి 20 జౌళ్ళును, గొట్టపు వ్యాసము 4.5 మిల్లీమీటర్లును మించని ఎయిర్‌గన్నుకు లైసెన్సు అక్కరలేదు. అందుచేత అవి ఊళ్ళలోనికి ఎట్లును వచ్చుచున్నవి. గురిపలక లేని ఎయిర్‌గన్నునకు గురి యేది? చెరువుగట్టున కొంగ, తుమ్మకొమ్మపై పావురము. అరుణాచల ప్రదేశమున పక్షులు నశించుచున్నవని 2021 లో ఎయిర్‌గన్నులను ప్రజలే స్వచ్ఛందముగ అప్పగించు ఉద్యమము నడచెను. సంగారెడ్డి ప్రక్కననే మంజీరా అభయారణ్యము గలదు. ఆ నీటిపక్షులకు మనము చేయగల ఉపకారములలో, వంద గ్రాముల చిల్లర రేకుముక్కలను వరుసగా వ్రేలాడదీసిన యొక చట్రము తక్కువది కాదు.

కావున మా కోరిక యిది. క్రీడాప్రాధికార సంస్థవారు పండ్రెండు స్టాండ్లకు ఒక నమూనా చిత్రమును ఆమోదింపవలెను. జిల్లాలోని ఐటిఐ విద్యార్థులచే వానిని చేయించి, అనుమతిగల రేంజిలో, వెనుక ఎత్తైన మట్టికట్ట నిలిపి, నిపుణుల ఎదుట పరీక్షింపవలెను. తుపాకుల కొనుగోలు, వాని నిలువ, శిక్షకుల నియామకము ప్రభుత్వపు పని. దానిని షెడ్డువారిపై త్రోయరాదు. పరీక్షకు నిలిచిన చిత్రమును కొలతలతో, పలకను వెల్డింగు చేయరాదను హెచ్చరికను ఎర్రని అక్షరములతో, తెలుగున అచ్చువేసి పటాన్‌చెరువు మొదలు జహీరాబాదు వరకు ప్రతి వెల్డింగు షెడ్డు గోడకు అంటింపవలెను. ఆంగ్లమున అచ్చయిన హెచ్చరికను మన వెల్డరు ఇంతవరకు గోడకు వేసిన రంగువలెనే చూచుచున్నాడు.