కూలిలేని పనికి శిక్షణ అని పేరు

పని చేయించుకుని కూలి ఎగవేసేవాడిని మన పల్లెల్లో ఏమంటారో విడిగా చెప్పనక్కరలేదు. ఐతే ఆ పనిని ప్రభుత్వమే చేయించినప్పుడు, అందులోనూ నిరుద్యోగి చేత చేయించినప్పుడు, దానికి గౌరవప్రదమైన పేర్లు పుట్టుకొస్తాయి. శిక్షణ అంటారు, పని అనుభవం అంటారు, సొంతకాళ్లమీద నిలబెట్టడం అంటారు. కావ్యంలో శబ్దానికీ అర్థానికీ గల సంబంధాన్ని పరిశీలించే విమర్శకులం, ప్రభుత్వోత్తర్వులోని శబ్దాన్ని మాత్రం కళ్లు మూసుకుని ఒప్పుకోవలసిన అగత్యం లేదు.

ఈ పద్ధతి అసలు స్వరూపం చూడాలంటే బ్రిటన్ వైపు చూడాలి. 2011లో అక్కడి సంకీర్ణ ప్రభుత్వం తప్పనిసరి పని పథకం ఒకటి ప్రవేశపెట్టింది. నిరుద్యోగ భృతి పుచ్చుకుంటున్నవారిలో ఉపాధి కార్యాలయపు అధికారి ఎవరిని ఎంచితే వారు నాలుగు వారాలపాటు, వారానికి 30 గంటలదాకా, కూలి లేకుండా పనిచేయాలి. వెళ్లకపోతే భృతి ఆగిపోతుంది. దీని పక్కనే ఇటువంటివే మరికొన్ని పథకాలు నడిచాయి. 2012 అక్టోబరులో శిక్షలు మరింత కఠినమయ్యాయి. పెద్ద తప్పులని ప్రభుత్వం లెక్కించినవాటిని పదేపదే చేసినవారికి మూడేళ్లదాకా భృతి ఆపవచ్చునన్నారు. ఆ మూడేళ్ల గడువు 2019లో గాని ఆరునెలలకు దిగలేదు. దొంగతనం చేసి జైలుకు వెళ్లినవాడికి పూటపూటా అన్నం పెట్టే రాజ్యం, పనికి రానన్నవాడి అన్నం తీసివేసింది!

ఈ పథకాల గుట్టు కెయిట్ రైలీ అనే యువతి ద్వారా లోకానికి తెలిసింది. ఆమె భూగర్భశాస్త్రంలో పట్టభద్రురాలు. మ్యూజియంలో ఉద్యోగం సంపాదించాలన్న కోరికతో బర్మింగ్‌హామ్‌లోని ఒక మ్యూజియంలో జీతం లేకుండా, తన ఇష్టంతో, పని నేర్చుకుంటున్నది. ఆమె సోమరి అని ఎవరూ అనడానికి వీల్లేదు. అటువంటి మనిషిని 2011లో ఉపాధి కార్యాలయం అక్కడినుంచి కదిలించి, పౌండ్‌లాండ్ అనే కంపెనీ దుకాణంలో అరలు సర్దడానికీ నేల వూడవడానికీ రెండు వారాలు పంపింది. వెళ్లకపోతే భృతి పోతుందని చెప్పింది. అదే కేసులో ఆమెతోపాటు కోర్టుకెక్కిన ఒక లారీ డ్రైవరు, ఆరునెలలపాటు వారానికి 30 గంటలు వూరికే పనిచేయనన్నందుకు భృతి పోగొట్టుకున్నాడు.

2013 ఫిబ్రవరి 12న అప్పీలు కోర్టు ఆ నిబంధనలు చెల్లవని తీర్పు చెప్పింది. పార్లమెంటు ఇచ్చిన అధికారాన్ని ప్రభుత్వం దాటిందన్నది. అప్పుడు ప్రభువులు ఏం చేశారు? తప్పు దిద్దుకున్నారా? లేదు, చట్టాన్నే వెనక్కు తిప్పారు. చెల్లని నిబంధనలు మొదటినుంచీ చెల్లినట్లే భావించాలని, మార్చి నెలలోనే హడావిడిగా ఒక శాసనం చేశారు. లేకపోతే పేదలకు 13 కోట్ల పౌన్లదాకా తిరిగి చెల్లించవలసి వస్తుందని వారి లెక్క. శ్రామికుల పేరు పెట్టుకున్న లేబరు పార్టీ నాయకత్వం ఆనాడు వ్యతిరేకంగా ఓటు వేయలేదు, తటస్థంగా కూర్చున్నది. ఆ పార్టీలో కొందరు మాత్రం నాయకత్వాన్ని ధిక్కరించి ఎదురు నిలిచారు. నిరుద్యోగి ఒక్కరోజు ఆలస్యంగా వస్తే చట్టం చట్టమే. ప్రభుత్వమే చట్టం తప్పితే చట్టాన్ని మార్చుకోవచ్చును. వర్గన్యాయం అంటే ఇంతకన్నా విపులమైన వ్యాఖ్యానం కావాలా?

ఈ పథకాలను సమర్థించేవారు ముఖ్యంగా మూడు వాదాలు చేస్తారు. మూడింటినీ పరిశీలిద్దాం.

మొదటిది: వాళ్లు వూరికే పనిచేయడం లేదు, భృతి తీసుకుంటున్నారు గదా, అదే కూలి అనుకోండి అంటారు. మంచిది, అట్లాగే అనుకుందాం. 2011 చివర 25 యేళ్లు నిండని నిరుద్యోగికి వారానికి 53.45 పౌన్ల భృతి. 30 గంటలు పనిచేస్తే గంటకు ఒక పౌను 78 పెన్నీలు పడుతుంది. ఆనాడు 21 యేళ్లు దాటినవారికి చట్టం నిర్ణయించిన కనీస వేతనం గంటకు 6.08 పౌన్లు. అంటే 182 పౌన్ల పైచిలుకు విలువైన పనికి 53 పౌన్లు! పైగా ఆ 53 పౌన్లయినా పనిచేయించుకున్న యజమాని జేబులోనివి కావు, ప్రజల పన్నులలోనివి. భృతే కూలి అయితే అది చట్టం ఒప్పని కూలి. కూలి కాకపోతే ఆ పని ఉచితచాకిరీ. ఈ రెండు కొమ్ముల మధ్యనుంచి తప్పించుకునే దారి లేదు.

రెండవది: దీనివల్ల పని అలవాటవుతుంది, ఉద్యోగం దొరుకుతుంది అంటారు. దీనికి జవాబు మనం చెప్పనక్కరలేదు. ఆ ప్రభుత్వ శాఖ తానే చెప్పింది. 2012 జూన్‌లో అది ప్రకటించిన అధ్యయనం ప్రకారం, తప్పనిసరి పని పథకానికి పంపినందువల్ల ఉద్యోగం దొరికే అవకాశం ఏమీ పెరగలేదు. అయినప్పటికీ ఆ పథకాన్ని ఎత్తివేయలేదు సరిగదా, ఇంకా విస్తరించారు. మందు పనిచేయలేదని తెలిసీ మోతాదు పెంచిన వైద్యుడి వుద్దేశం రోగం కుదర్చడం కాదు. నిరుద్యోగి కళ్లముందు వేలాడే ఈ కొరడా వుద్యోగంలో వున్నవాడికి కూడా కనిపిస్తుంది. "తక్కువ జీతానికైనా నోరుమూసుకుని వుండు, బయట నీ గతి అదే" అని అది చెబుతుంది. దుకాణంలో అరలు సర్దడానికి మనిషి అవసరం వుంటే అక్కడొక ఉద్యోగం ఖాళీ వున్నదన్నమాట. ఆ ఖాళీని కూలిలేని మనిషితో పూడిస్తే, కూలి ఇచ్చి మరొకరిని పెట్టుకునే యజమాని ఎవరు? నిరుద్యోగం తగ్గించడానికని పుట్టిన పథకం ఒక నిరుద్యోగి చేత ఇంకొకరి ఉద్యోగాన్ని తినిపిస్తున్నది.

మూడవది అన్నిటికన్నా పాతది: పేదవాడికి వూరికే పెడితే సోమరి అవుతాడు. 1834లో బ్రిటిషు పార్లమెంటు చేసిన పేదల చట్టానికి పునాది ఈ మాటే. సహాయం పొందేవాడి స్థితి అతి తక్కువ కూలివాడి స్థితికన్నా హీనంగా వుండాలన్నది దాని సూత్రం. అందుకోసమే పనిశాలలు కట్టి, భార్యాభర్తలను వేరుచేసి, చాకిరీ చేయించారు.

ఈ సూత్రం సముద్రం దాటి మన గడ్డకు కూడా వచ్చింది. ధాత నామ సంవత్సరపు కరువులో బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు శ్మశానాలైనప్పుడు, 1877 జనవరిలో సర్ రిచర్డ్ టెంపుల్ కరువు పనులమీది మగవాడికి రోజుకు ఒక పౌను ధాన్యమూ కొద్దిపాటి డబ్బూ చాలునన్నాడు. ఎక్కువ ఇస్తే అవసరం లేనివారు కూడా వస్తారని ఆయన భయం. ఎముకల గూళ్లయిన మనుషులు ఆ తిండితో మట్టి మోయలేరని మద్రాసు ఆరోగ్యాధికారి కార్నిష్ గట్టిగా ఎదిరించాడు. ఆ కరువులోనే మద్రాసులో కూవం, అడయారు నదులను కలిపే కాలువ తవ్వించారు. దానికి గవర్నరు బకింగ్‌హామ్ ప్రభువు పేరు పెట్టారు. తవ్వినవారి పేర్లు ఏ రాతిమీదా లేవు.

ఐతే మన చరిత్రలో దీనికి జవాబు కూడా వున్నది. తెలంగాణ రైతాంగం వెట్టిని ఎదిరించి పోరాడింది. రాజ్యాంగం 23వ అధికరణంలో వెట్టినీ బలవంతపు చాకిరీనీ నిషేధించింది. 1982లో ఢిల్లీ ఆసియా క్రీడల నిర్మాణాలలోని కూలీల కేసులో సుప్రీంకోర్టు, కనీస వేతనానికి తక్కువగా చేయించుకునే పని బలవంతపు చాకిరీయేననీ, తుపాకి చూపించడమే కాదు, ఆకలి కూడా బలవంతమేననీ తీర్పు చెప్పింది. మరుసటి యేడు రాజస్థాన్ కరువు పనుల కేసు వచ్చింది. అక్కడి ప్రభుత్వం 1964 నాటి ఒక చట్టాన్ని అడ్డుపెట్టుకుని, ఇది సహాయం గనుక కనీస వేతనం వర్తించదన్నది. టెంపుల్ దొర వాదానికి ఖద్దరు తొడిగినట్లున్నది! కోర్టు ఒప్పుకోలేదు. పని చేయించుకుంటే కూలి ఇవ్వవలసిందే. నిస్సహాయుడి ఆకలిని రాజ్యం లాభానికి వాడుకోరాదన్నది. బ్రిటన్ సుప్రీంకోర్టు 2013 అక్టోబరు 30న పాత నిబంధనలు చెల్లవన్న మాటను నిలబెట్టినా, ఇది బలవంతపు చాకిరీ కాదన్నది. ఈ ఒక్క విషయంలో కరువు కూలీల నుంచి ఆ కోర్టు నేర్చుకోవలసింది వున్నది.

మరొక ఉదాహరణ ఇక్కడిదే. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ప్రారంభమైన ఉపాధి హామీ పథకంలో అడిగే హక్కు కూలివాడిది, బాధ్యత ప్రభుత్వానిది. 15 రోజుల్లో పని చూపకపోతే ప్రభుత్వమే భృతి ఇవ్వాలని 2005 చట్టం రాసింది. ఆచరణలో ఎన్ని లోపాలున్నా, ఎవరు ఎవరికి జవాబుదారీ అన్న ప్రశ్నకు ఆ చట్టం సరియైన సమాధానం చెప్పింది. బ్రిటన్ పథకం దానిని తలకిందులు చేసింది: పని చూపలేని రాజ్యం నేరం నిరుద్యోగి నెత్తిన పడింది.

ఆ తప్పనిసరి పని పథకం 2016లో మూతపడింది గనుక ఇప్పుడీ చర్చ ఎందుకని ఎవరైనా అడగవచ్చు. పథకం పోయింది గాని భావం పోలేదు. 2025 సెప్టెంబరులో అక్కడి లేబరు ప్రభుత్వం, చాలాకాలంగా పనిలేని యువకులకు జీతమిచ్చే పని చూపిస్తామన్నది. జీతం మాట రావడం ప్రజల పోరాట ఫలితమే. కాని సరైన కారణం లేకుండా కాదంటే భృతి కోస్తామన్న బెదిరింపు దాని వెంటే వున్నది. మన రాష్ట్రాలలోనూ భృతి వాగ్దానాలు వింటూనే వున్నాం. 2018 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ నెలకు వెయ్యి రూపాయల భృతి మొదలుపెట్టింది, 2024 ఎన్నికలలో మూడువేల మాట వచ్చింది. భృతి వచ్చిననాడు దాని వెనకనే షరతు వస్తుంది. ఆ షరతు ఏ భాషలో వస్తుందో ముందే కనిపెట్టి వుండాలి.

శిక్షణకు మనం విరోధులం కాము. నేర్చుకోదలచినవాడికి నేర్పండి; నేర్చుకునేవాడి ఇష్టంతో, అతనికి పనికివచ్చేది నేర్పండి. పని చేయించుకుంటే చట్టం చెప్పిన కూలి ఇవ్వండి. భృతిని మాత్రం హక్కుగా వదిలిపెట్టండి, దానిని పలుపుతాడు చేయకండి. ఇక రచయితలకు ఒక ప్రత్యేక బాధ్యత వున్నది. ఇటువంటి పథకాలు రేపు తెలుగులోకి వచ్చినప్పుడు "నైపుణ్యం", "సాధికారత" వంటి అందమైన మాటలు కూర్చిపెట్టే పని మనకే అప్పగిస్తారు. కూలి లేకుండా, కాదనే హక్కు లేకుండా చేయించుకునే పనికి తెలుగులో ఎప్పటినుంచో ఒక మాట వున్నది. అది వెట్టి. ఆ మాటనే వాడుదాం.