కోనసీమలో కోవిడ్ మరణాల లెక్కలు, లాక్‌డౌన్ ఫలితము

కోనసీమ గోదావరి నది పాయలైన గౌతమి, వశిష్ఠల నడుమ గల డెల్టా ప్రాంతము. అమలాపురం, రాజోలు, కొత్తపేట ఇందలి ముఖ్య కేంద్రములు. 2020, 2021 సంవత్సరములలో కోవిడ్-19 వలన ఈ ప్రాంతమున ఎందరు మరణించిరి, లాక్‌డౌన్ వలన ఎందరి ప్రాణములు నిలిచినవి అను రెండు ప్రశ్నలు నేటికీ వివాదాస్పదములే. మొదటి ప్రశ్న తేలనిదే రెండవది తేలదు.

జిల్లా లెక్కలలో చిక్కు

అమలాపురం కేంద్రముగా కోనసీమ జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడినది. అదే సంవత్సరము దానికి డా. బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా అని పేరు పెట్టిరి. కాని మహమ్మారి తీవ్రముగా ఉన్న కాలమున ఇది తూర్పు గోదావరి జిల్లాలో భాగము. నాటి ప్రభుత్వ బులెటిన్లలో కాకినాడ, రాజమండ్రి, రంపచోడవరం ఏజెన్సీ మరియు కోనసీమ మరణములు అన్నియు ఒకే అంకెలో కలిసి ఉన్నవి. రాష్ట్రములో అత్యధిక కేసులు తూర్పు గోదావరిలో నమోదు కాగా, మరణములలో చిత్తూరు జిల్లా మొదటి స్థానమున నిలిచినది.

మరియొక చిక్కు కూడా ఉన్నది. 1969 నాటి జనన మరణ నమోదు చట్టము ప్రకారము మరణము ఎచ్చట సంభవించునో అచ్చటనే నమోదగును. రాజోలు వాసి కాకినాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మరణించినచో ఆ మరణము కాకినాడ పుస్తకములో చేరును. కావున గ్రామ పంచాయతీ రిజిస్టరును మాత్రమే చూచినచో కోనసీమ నష్టము తక్కువగా కనిపించును.

అధికారిక సంఖ్య, అదనపు మరణములు

రాష్ట్రములో కోవిడ్ మరణముల అధికారిక సంఖ్య 14,733. పరీక్షలో వ్యాధి నిర్ధారణ అయిన వారే ఇందు ప్రధానముగా లెక్కకు వచ్చిరి. పరీక్ష జరుగక ముందే ఇంటివద్ద మరణించినవారు ఈ లెక్కకు అందలేదు. దేశములో నమోదైన మరణములలో వైద్యులు కారణమును ధ్రువీకరించినవి 2020లో సుమారు 22.5 శాతము మాత్రమే.

ఈ లోపమును అధిగమించుటకు పరిశీలకులు అన్ని కారణముల మరణములను సాధారణ సంవత్సరములతో పోల్చుదురు. పౌర నమోదు వ్యవస్థ ప్రకారము ఆంధ్ర ప్రదేశ్‌లో మే నెలలో సాధారణముగా 27 వేల మరణములు నమోదు కాగా, 2021 మే నెలలో సుమారు 1.3 లక్షలు నమోదైనవి. ఆ నెలలో అధికారిక కోవిడ్ మరణములు మూడు వేలకు లోపే. ఇతర వ్యాధులకు సకాలములో చికిత్స అందక మరణించినవారు కూడా అదనపు మరణములలో ఉందురు. అయినను ఇంత అంతరమును ఆ కారణముతోనే వివరించుట కష్టము.

దేశములో 2020-21లో 47 లక్షల అదనపు మరణములు సంభవించెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మే నెలలో అంచనా వేసినది. గణిత నమూనాలపై ఆధారపడిన ఆ పద్ధతిని భారత ప్రభుత్వము అంగీకరించలేదు. అయితే నమూనాలతో పని లేని పౌర నమోదు నివేదిక 2025లో వెలువడినది. దాని ప్రకారము దేశములో నమోదైన మరణములు 2020లో 81 లక్షలు, 2021లో 1.02 కోట్లు.

లాక్‌డౌన్ పనిచేసినదా?

దేశవ్యాప్త లాక్‌డౌన్ 2020 మార్చి 25న మొదలైనది. అప్పటికి రాష్ట్రములో కేసులు పదికి మించలేదు. అదే సంవత్సరము ఆగస్టులో జరిగిన సీరో సర్వేలో తూర్పు గోదావరి జిల్లా జనాభాలో 14.4 శాతము మందికి మాత్రమే వ్యాధి సోకినట్లు తేలినది. 2021 జూన్-జూలై నాటికి రాష్ట్రములో ఇది, టీకా పొందినవారితో కలిపి, 70 శాతమునకు చేరినది. అనగా తొలి లాక్‌డౌన్ వ్యాప్తిని వాయిదా వేసినదనుటకు ఆధారము ఉన్నది, ఆపినదనుటకు లేదు. ఆ వ్యవధిలో రాష్ట్రము పరీక్షలను రోజుకు 60 వేలకు పైగా పెంచుకొనగలిగినది. కాని రెండవ విడతలో అవసరమైన ఆక్సిజన్, పడకలు ఆ మేరకు సిద్ధము కాలేదు.

2021 మే 5న రాష్ట్రము మధ్యాహ్నము 12 నుండి ఉదయము 6 గంటల వరకు కర్ఫ్యూ విధించినది. జూన్ నెలాఖరున ఇతర జిల్లాలలో సడలింపు సాయంత్రము 6 వరకు పెరుగగా, తూర్పు గోదావరిలో 2 గంటల వరకే ఉంచిరి. తరువాత కేసులు తగ్గినవి. కాని అదే కాలమున దేశమంతటా ఉధృతి తగ్గినందున, ఇది కర్ఫ్యూ ఫలితమే అని చెప్పజాలము. కర్ఫ్యూ విధించు నాటికే వ్యాధి గ్రామములకు పాకియుండెను.

నష్టమును కూడా లెక్కింపవలెను. అంతర్రాష్ట్ర రవాణా నిలిచినందున కొబ్బరి వ్యాపారము దెబ్బతిన్నది. గల్ఫ్ దేశములలోని కోనసీమ శ్రామికులు స్వస్థలము చేరలేకపోయిరి.

లెక్క ఎందుకు ముఖ్యము

సుప్రీం కోర్టు 2021 జూన్ 30 నాటి తీర్పు ననుసరించి ప్రతి కోవిడ్ మరణమునకు రూ. 50,000 పరిహారము నిర్ణయమైనది. పరీక్షలో నిర్ధారణ అయిన 30 దినములలోపు సంభవించిన మరణములను కూడా చేర్చిరి. 2022 జనవరి నాటికి రాష్ట్రములో సుమారు 36 వేల దరఖాస్తులు వచ్చినవి. ఇది అధికారిక మరణములకు రెట్టింపు కంటె ఎక్కువ. పరీక్ష పత్రము లేని కుటుంబమునకు లెక్కలో చోటు లేకపోవుట అనగా పరిహారమునకు అడ్డంకియే.

మరణ నమోదు పత్రములో మృతుని నివాస స్థలము కూడా వ్రాయుదురు. కాకినాడ, రాజమండ్రి, అమలాపురం పుస్తకములను నివాసమును బట్టి, నెలల వారీగా విడదీసి ప్రకటించినచో కోనసీమ నష్టము నమూనాలు లేకయే తెలియగలదు. ఏ నిర్బంధము ఏ నెలలో ఎంత ఉపయోగపడినదో చర్చించుటకు అప్పుడే గట్టి ఆధారము లభించును.