ఖర్చు పిల్లల ముందే లెక్కచూద్దాం

2021 ఫిబ్రవరిలో ప్లేస్టేషన్ 5 మన దేశంలో విడుదలైనప్పుడు దాని ధర 49,990 రూపాయలు. పాతికవేలతో ఇల్లు నడిపే విశ్వాసికి రెండు నెలల జీతం! దానిమీద ఆడే కొత్త గేమ్‌లు కొన్ని ఒక్కోటి 4,999. ఫోన్లో ఉచితమనే ఆటలు కూడా బొమ్మకు కొత్త దుస్తులనీ, తుపాకులనీ వందా రెండొందలు లాగుతూనే ఉంటాయి.

క్రిస్మస్‌కు కొనిపెట్టమని పిల్లవాడు అడిగితే ఏం చెబుదాం? కొందరు అప్పుచేసి వాయిదాల మీద తెస్తారు. కొందరు 'వీడియో గేమ్‌లు పాపం' అంటూ వాక్యాన్ని అడ్డుపెడతారు. చేతిలో డబ్బు లేదని ఒప్పుకోవడం కన్నా అది తేలిక మరి. కానీ అదే గేమ్ సంఘపెద్ద గారింట్లో కనిపించిన రోజున పిల్లవాడు మన మాటనే కాదు, వాక్యాన్నీ అనుమానిస్తాడు.

గోపురం కట్టాలనుకున్నవాడు ముందుగా కూర్చుని ఖర్చు లెక్కవేసుకుంటాడని యేసుప్రభువు అన్నారు (లూకా 14:28). ఆయన చెప్పింది శిష్యత్వం గురించే అయినా, ఆ పోలిక ఇంటి లెక్కలు తెలిసినవారికే బాగా అర్థమవుతుంది. ఒక సాయంత్రం కుటుంబ ప్రార్థన అయ్యాక అద్దె, బియ్యం, స్కూలు ఫీజు, దశమభాగం పిల్లలతోనే కాగితం మీద రాయిద్దాం. మిగిలిందెంతో వాళ్లే చూస్తారు. అలిగితే అలగనిద్దాం. ఆ మిగిలినదానితో క్యారమ్‌బోర్డు వస్తే మనమూ కూర్చుని ఆడదాం.