“పైల్సే” అని చెప్పిందెవరు?

మా గోలేటిలో దగ్గును ఎవరూ దాచుకోరు. బొగ్గు దుమ్ము సంగతి అందరికీ తెలుసు కాబట్టి ఆస్పత్రి లైన్లోనే చెప్పేసుకుంటారు. దొడ్డికి పోయినప్పుడు రక్తం పడిందని మాత్రం ఎవరూ అనరు. ఒకవేళ అన్నా “వేడి చేసింది, మజ్జిగ తాగు” అంటారు. మళ్లీ పడితే “మొలలు”. జబ్బుకు పేరు దొరికింది కదా, ఇక డాక్టరెందుకు?

నిజానికి చాలాసార్లు అవి మొలలే. అసలు చిక్కే అది. పెద్దపేగు క్యాన్సర్‌లోనూ ముందు కనిపించేది అదే రక్తం కావచ్చు. పరీక్ష చెయ్యకుండా తేడా తెలీదు. ఆడవాళ్లకైతే లోపల కొంచెం కొంచెంగా రక్తం పోతున్నా “రక్తం తక్కువుంది” అని ఐరన్ గోలీలు ఇచ్చి పంపేస్తారు. ఎందుకు తగ్గిందో ఎవరూ అడగరు, నెలసరి ఉంది కదా నెపానికి.

సిగ్గొక్కటే కారణమంటే నేను ఒప్పుకోను. మస్టర్ లెక్క ఉంది. ఏడాదిలో ఇన్ని హాజర్లని నిండితేనే జీతంతో సెలవు వస్తుంది. ఊరు దాటి కొలనోస్కోపీకి పోవడమంటే నాగాలు. పైగా “అన్‌ఫిట్” అంటారేమోనని భయం. అప్పుడప్పుడూ జరిగే మెడికల్‌లో ఫిట్ అని వస్తే ఒళ్లంతా బాగున్నట్టే అనుకుంటారు. అక్కడ తీసే ఛాతీ ఎక్స్‌రేలో పేగు కనపడదు!

ఆలస్యం ఇంత ఖరీదు కావాల్సిన జబ్బు కూడా కాదిది. పేగులో చిన్న బొడిపె క్యాన్సర్‌గా మారడానికి సాధారణంగా పదేళ్ల దాకా పడుతుంది. ఆలోపు చూస్తే కొలనోస్కోపీలోనే తీసేస్తారు. ముసలోళ్ల జబ్బు అనుకోకండి, ‘బ్లాక్ పాంథర్’ హీరో చాడ్విక్ బోస్‌మన్ 2020లో దీనితోనే పోయాడు, 43 ఏళ్లకు.

హాస్టల్లో మన జోకుల్లో సగం లెట్రిన్ గురించే. ఇంట్లో బాపుతో ఆ మాట ఎత్తాలంటే మాత్రం నోరు రాదు. ఇంగ్లిష్ మీడియం పుణ్యమా అని మనకు “మోషన్” అనే మర్యాదైన మాట ఒకటి దొరికింది, వాడదాం. రోజూ ఫోన్లో “తిన్నావా?” అంటాం కదా, ఈసారి ఇంకొకటి అడగండి: “మోషన్ మునుపటిలాగే అవుతుందా? రక్తం ఏమన్నా పడుతుందా? బరువు తగ్గినవా?”

“ఏం లేదురా, పైల్సే” అంటాడు.

“ఏ డాక్టర్ చూసి చెప్పిండు బాపూ?”